రెండో ఫొటో దగ్గరే ఫోన్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

చందంపేట_అక్క
ఉపాధి పనిలో మేట్‌గా చేస్తున్నాను. నా కింద ఇరవై ఆరు మంది. పొద్దున మస్టర్‌తో (హాజరుతో) పాటు ఒక ఫొటో, నాలుగు గంటలు గడిచాక ఇంకో ఫొటో, హాజరు ఎక్కించే ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో తీయాలి. నా ఫోన్ ఏడున్నర వేలది. దేవరకొండలో కొన్నాను, ఏడాదిన్నర దాటింది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు పొద్దున ఫొటో ఎట్లనో అయిపోతుంది కానీ, రెండో ఫొటోకి కెమెరా తెరిస్తే స్క్రీన్ నల్లగా అవుతుంది, యాప్ దానంతట అదే మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. మొన్న మూడుసార్లు ఇట్లనే అయింది. అందరూ పార, తట్ట పట్టుకొని ఎండలో నిలబడే ఉన్నారు. ఒక ముసలామె "బిడ్డా, ఇయ్యాల కూలి పడ్తదా, పడదా" అని అడిగితే నాకు మాట రాలేదు. నాలుగోసారికి ఫొటో వచ్చింది కానీ, ఆ భయం ఇంకా పోలేదు. రాత్రి నిద్రలో కూడా అదే.
ఇంట్లో ఉన్నది ఈ ఒక్క ఫోనే. పిల్లల పాఠాలు, మా ఆయన వీడియోలు, ఫోన్‌పే, అన్నీ ఇందులోనే. కొత్తది కొనే పైసలు ఇప్పుడు లేవు. తెలిసినవాళ్లు చెప్పండి.

గడియారం_సెంటర్
స్టోరేజ్ ఎంత నిండిందో చూసి చెప్పక్కా. సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

చందంపేట_అక్క
32లో 31 అని చూపిస్తోంది. సిస్టమ్‌కే 13 పోయింది. వాట్సాప్ 9.

పాలమూరు_పోరడు
3 జీబీ ర్యామ్ ఇప్పుడు దేనికీ సరిపోదు. ఎంత గోకినా లాభం లేదు. పది వేలు పెట్టి కొత్తది తీసుకో అక్కా, రెండేళ్లు నిశ్చింత.

డిండి_వాగు
పైన పది వేలు అని ఒక్క మాటలో అనేశారు. 2025-26లో ఇచ్చిన 307 రూపాయల రోజు కూలి లెక్కన పది వేలంటే దాదాపు ముప్పై మూడు రోజుల పని. ఆమె కొత్తది కొనే స్థితిలో లేనని ముందే రాసింది. ఉన్నదాన్ని ఎట్లా నడపాలో చెప్పండి.

పాలమూరు_పోరడు
నిజమే అన్నా, ఆ వరుస సరిగా చదవలేదు. ఏమనుకోకు అక్కా.

రిపేర్_టేబుల్
జడ్చర్లలో నాది మొబైల్ రిపేర్ షాపు. ఈ ఎండాకాలం నా టేబుల్ మీదికి వచ్చిన ఫోన్లలో సగం ఇదే బాధతో వచ్చినవే. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.
అందరూ ర్యామ్‌ని, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీని తిడతారు. అక్క ఫోన్‌లో అసలు జబ్బు ఫొటోలు, ఫైళ్లు దాచే స్టోరేజ్. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా వేసేది ఈఎంఎంసీ రకం స్టోరేజ్ చిప్. అది ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేయలేదు. ఒకటి అయ్యాకే ఇంకొకటి. ఖరీదైన ఫోన్లలో ఉండే యూఎఫ్ఎస్ రకం చిప్ రెండూ ఒకేసారి చేస్తుంది. పైగా ఈ చిప్‌లలో పాత రాతను ముందు తుడిచి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. ఖాళీ చోటు ఉన్నప్పుడు ఈ తుడిచే పని తీరిగ్గా వెనక జరిగిపోతుంది. చోటు లేనప్పుడు మీరు ఫొటో తీసిన క్షణంలోనే అది తుడవాలి, సర్దాలి, రాయాలి. కెమెరా, జీపీఎస్, నెట్ మూడూ ఒకేసారి నడిచే యాప్ అంటే ఆ బరువు మోయలేక మూసుకుపోతుంది. పొద్దున పని చేసి మధ్యాహ్నం ఎందుకు ఆగుతుందంటే, మధ్యాహ్నానికి ఫోన్ వేడెక్కి ఉంటుంది, వాట్సాప్‌లో ఇంకో యాభై ఫొటోలు దిగి ఉంటాయి.
ముందు ఇవి చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా తెరిచి, మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపేయండి. మొబైల్ డేటాకి, వైఫైకి, రోమింగ్‌కి మూడింటికీ. అక్కడే మేనేజ్ స్టోరేజ్ ఉంటుంది. 5 ఎంబీ కంటే పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది. ఫార్వర్డ్ వీడియోలు ముందు తీసేయండి. కనీసం 5, 6 జీబీ ఖాళీ కావాలి.
రెండోది, సెట్టింగ్స్‌లో ర్యామ్ ఎక్స్‌పాన్షన్ అనో, వర్చువల్ ర్యామ్ అనో ఉంటే ఆపి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. షాపులో "3 ప్లస్ 3, ఆరు జీబీ ర్యామ్" అని అమ్మేది దీన్ని చూపించే. అది నిజం ర్యామ్ కాదు. ఆ నిండిన స్టోరేజ్‌లోంచే ముక్క కోసి ర్యామ్‌లాగా వాడుతుంది. మీ ఫోన్‌లో దాన్ని తీసేస్తే 2, 3 జీబీ తిరిగి రావచ్చు.
క్లీనర్ యాప్‌లు పెట్టుకొని ఉంటే పీకేయండి. అవి శుభ్రం చేసేదానికన్నా ప్రకటనలు చూపించేదే ఎక్కువ.

మూసీ_ఆయకట్టు
ఆ "ప్లస్" మాట నమ్మి మా తమ్ముడికి నేనే కొనిచ్చాను. 4 ప్లస్ 4 అన్నారు, ఎనిమిది జీబీ అనుకున్నాం. ఎవరూ ఇట్లా విడమర్చి చెప్పలేదు. అన్నా, థాంక్స్.

గడియారం_సెంటర్
వర్చువల్ ర్యామ్ ఆపమనడం అందరికీ వర్తించదు కదా? నా ఫోన్ 128 జీబీ. ఆన్ చేస్తే వెనకున్న యాప్‌లు మూసుకుపోవడం తగ్గింది.

రిపేర్_టేబుల్
మీకు 128 ఉంది, చోటు ఉంది, ఉండనివ్వండి. నిండిపోయిన 32 గురించే నేను చెప్పింది.

డిండి_వాగు
అక్కా, ఫోన్ సంగతి ఒకటి, మస్టర్ సంగతి ఒకటి. నెట్ లేనప్పుడు ఫొటోలు ఆఫ్‌లైన్‌లో తీసి, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక అప్‌లోడ్ చేసే వీలు ఆ యాప్‌లో ఉంది. పని స్థలంలోనే పంపాలని పట్టుబట్టకు, ఫొటో మాత్రం అక్కడే తీయాలి. ఒకవేళ ఏదో రోజు ఎంత చేసినా కాకపోతే అదే రోజు ఫీల్డ్ అసిస్టెంట్‌కి, మండలంలో ఉపాధి పని చూసే ఏపీఓకి చెప్పు. మాటతో ఆపకు, రాసి ఇవ్వు. తప్పనిసరి పరిస్థితిలో జిల్లా ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ అనుమతితో చేత్తో హాజరు ఎక్కించే పద్ధతి ఉంది. రెండు రోజులు ఆగి చెబితే మాత్రం వినేవాళ్లు ఉండరు. ఆ ముసలామె కూలి ఎక్కడికీ పోదు.

చందంపేట_అక్క
ఈ చేత్తో ఎక్కించే సంగతి నాకు తెలియదు అన్నా. ఆ మాటకే సగం టెన్షన్ తగ్గింది.

బత్తాయి_తోట
రిపేర్ అన్న వేడి అన్నాడు కదా, దాని మీద. మాది నల్లగొండ పక్క ఊరు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. మార్కెట్ రేటు కనుక్కుందామని తోటలో ఫోన్ తీస్తే "ఫోన్ వేడిగా ఉంది, కెమెరా పని చేయదు" అని వస్తుంది. నేను చేసేది ఇది. జేబులో పెట్టను, బైక్ ట్యాంక్ కవర్‌లో అసలే పెట్టను. బువ్వ సంచిలో, తువ్వాల మడతలో చుట్టి చెట్టు కింద పెడతాను. వెనక ప్లాస్టిక్ కవర్ ఎండాకాలం తీసేస్తాను. ఫొటోకి పది నిమిషాల ముందు డేటా ఆపేసి నీడలో ఉంచితే చాలు, కెమెరా తెరుచుకుంటుంది.

పాలమూరు_పోరడు
మా నాయన కుండ మీద పెట్టేవాడు చల్లబడాలని.

రిపేర్_టేబుల్
వద్దు! కుండ మీద, కూలర్ ముందు, ఫ్రిజ్‌లో, ఎక్కడా పెట్టొద్దు. వేడి ఫోన్‌కి ఒక్కసారిగా చల్లదనం తగిలితే లోపల చెమ్మ పడుతుంది. ఛార్జింగ్ పిన్ దగ్గర పచ్చగా చిలుము పట్టిన బోర్డులు నేను చాలా చూశాను. ఫోన్ నీడలో దానంతట అదే చల్లారాలి. ఇంకోటి, వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టొద్దు. లిథియం బ్యాటరీని ఎక్కువగా చంపేది ఆ వేడే.

మూసీ_ఆయకట్టు
రాత్రంతా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ ఉబ్బుతుందంటారు, నిజమేనా? మా ఇంట్లో రోజూ దీని మీదే గొడవ.

రిపేర్_టేబుల్
వంద అవగానే ఫోన్ తనే తీసుకోవడం ఆపుతుంది. గొడవ పడాల్సింది దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడం మీద, వంద రూపాయల పేరులేని ఛార్జర్ మీద. ఉబ్బి, వెనక మూత లేచిన ఫోన్ ఉంటే వెంటనే వాడటం ఆపండి. గుచ్చొద్దు, నొక్కొద్దు.

మన్ననూర్_మలుపు
మా వైపు బాధ వేరు. నల్లమల లోపలికి పోతే సిగ్నల్ ఉండదు, ఉన్నా ఒక గీత. అట్లాంటి చోట ఫోన్ ఊరికే టవర్ కోసం వెతుకుతూ ఉంటుంది, బలం ఎక్కువ పెట్టి వెతుకుతుంది, పొద్దున వంద ఉన్న బ్యాటరీ మధ్యాహ్నానికి ఇరవై. చందంపేట కూడా కొండల్లోనే కదా అక్కా, నీకూ ఇదే కావచ్చు. ఫొటో తీయని సమయంలో ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. వేడీ తగ్గుతుంది, బ్యాటరీ నిలబడుతుంది. ఎవరైనా చేయాల్సిన ముఖ్యమైన ఫోన్ ఉంటే మాత్రం ఇంట్లో ముందే చెప్పి పెట్టుకో.
ఇంకోటి, ఊళ్లో ఒకాయన 5జీ అని మురిసిపోయి తక్కువ ధరది కొన్నాడు. తన సిమ్‌తో 5జీ రాలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

గడియారం_సెంటర్
అది ఎస్ఏ, ఎన్ఎస్ఏ తేడా. జియో 5జీ విడిగా తన సొంత వ్యవస్థ మీద నడుస్తుంది, దాన్నే ఎస్ఏ అంటారు. ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది 4జీ మీద ఆనించిన ఎన్ఎస్ఏతో. కొన్ని చవక 5జీ ఫోన్లు ఎస్ఏ ఒక్కటే పట్టుకుంటాయి. కొనే ముందు మీ సిమ్ పెట్టించి, పైన 5జీ గుర్తు వస్తుందో లేదో షాపులోనే చూసుకోవాలి. బయటికి వచ్చాక ఎవరూ జవాబు చెప్పరు.

టీచరమ్మ_నారాయణపేట
అంగన్‌వాడీలో పని చేస్తాను. నాకూ పోషణ్ ట్రాకర్ యాప్‌లో రోజూ నమోదు, ముఖ గుర్తింపు ఫొటోలు ఉంటాయి. నా ఫోన్ కూడా చిన్నదే. యాప్ ముఖాన్ని గుర్తుపట్టడం లేదని రెండు వారాలు తిప్పలు పడ్డాను. చివరికి చూస్తే కెమెరా అద్దం మీద నూనె, పసుపు మరక! కొంగుతో కాదు, కళ్లజోడు తుడిచే మెత్తని గుడ్డతో తుడిచాక సరైంది. పార పట్టిన చేతులతో ఫోన్ తీస్తారు కాబట్టి మీ కెమెరా మీదా మట్టి ఉంటుంది అక్కా, చూసుకోండి.
ఇంకా ఒక మాట. వేలిముద్ర లాక్ మా పిల్లల తల్లులకు చాలామందికి పడదు. పత్తి ఏరి, కలుపు తీసి గీతలు అరిగిపోయి ఉంటాయి. వాళ్లు ఫోన్ పాడైందని షాపుకి పోతారు. పాడు కాలేదు, నంబర్ లాక్ పెట్టుకోమని చెప్పండి.

బత్తాయి_తోట
టీచరమ్మా, మా అమ్మది సరిగ్గా ఇదే. మూడుసార్లు షాపుకి తీసుకుపోయాం.

ఎర్రమట్టి_గద్వాల
కొత్తవాటి కంటే నాలుగేళ్ల కిందటి మంచి కంపెనీ ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో ఐదారు వేలకి తీసుకోవడం మేలు. కెమెరా, ప్రాసెసర్, స్టోరేజ్ అన్నీ మెరుగ్గా ఉంటాయి. నేను అట్లనే వాడుతున్నాను.

గడియారం_సెంటర్
ఒప్పుకోను. పాత ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. ఆండ్రాయిడ్ మరీ పాతదైతే యాప్‌లే పని చేయవు. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. రేపు బ్యాంకు యాప్‌లూ అంతే.

ఎర్రమట్టి_గద్వాల
నాలుగేళ్ల కిందటి ఫోన్‌లో ఆండ్రాయిడ్ 5 ఎక్కడుంది అన్నా? నేను చెప్పేది అంత పాతవి కాదు.

రిపేర్_టేబుల్
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే బ్యాటరీ మార్చే ఖర్చు కలుపుకొని లెక్కేయాలి. అంతకన్నా ముఖ్యం, అది దొంగ ఫోన్ కాదని తెలుసుకోవాలి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ కొట్టి 14422కి మెసేజ్ పంపితే దాని వివరం వస్తుంది. బ్లాక్ అయినదైతే పైసలు ఇవ్వకండి. మీ సొంత ఫోన్ ఐఎంఈఐ కూడా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పోతే పోలీసులకి చెప్పి, ప్రభుత్వం నడిపే సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అదే కావాలి.

పుణెలో_పాలమూరోడు
ఇదంతా చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఇక్కడ సెంట్రింగ్ పని చేస్తాను, ఊరికొచ్చేది పండక్కే. మా అమ్మకు ఆరు వేల ఫోన్ కొనిచ్చాను. నా బిడ్డ ముఖం ఆమె రోజూ చూసేది అందులోనే. నెల కింద వీడియో కాల్ రావడం ఆగిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. పక్కింటి పిల్లవాడిని పంపి చూపిస్తే స్టోరేజ్ నిండింది, అంతే. గుడ్ మార్నింగ్ పువ్వుల ఫొటోలు నాలుగు వేలు! పంపేవాళ్లకి చేతులెత్తి మొక్కుతున్నాను, ముసలివాళ్ల ఫోన్లకి పంపకండి.

టీచరమ్మ_నారాయణపేట
మా గ్రూపులో రేపటి నుంచి నేనే ఆపిస్తాను అన్నా.

మన్ననూర్_మలుపు
ఇంట్లో ఒకే ఫోన్ అందరూ వాడితే ఇంకో ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో "పీఎం కిసాన్", "ట్రాఫిక్ చలాన్" అని ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైళ్లు, వస్తున్నాయి. పిల్లలు ఆట అనుకొని నొక్కుతారు. అది ఎక్కితే మెసేజ్‌లు, ఓటీపీలు చదివేస్తుంది. మా బాబాయి ఖాతాలోంచి పద్దెనిమిది వేలు పోయాయి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే కొంత ఆపేవాళ్లు, మాకు తెలియక మర్నాడు చేశాం. ఈ నంబర్ గోడ మీద రాసి పెట్టండి.

డిండి_వాగు
ఏపీకే ఎక్కించానని అనుమానం వస్తే ముందు డేటా ఆపేయాలి, తర్వాత 1930. మేట్ ఫోన్‌లో ఊరి వాళ్ల జాబ్ కార్డు ఫొటోలు కూడా ఉంటాయి అక్కా, జాగ్రత్త.

చందంపేట_అక్క
అన్నలూ, నిన్న రాత్రి కూర్చొని చేశాను. ఆటో డౌన్‌లోడ్ ఆపేశాను. వర్చువల్ ర్యామ్ నా ఫోన్‌లో ఉంది, 3 జీబీ, ఆపేశాను. రెండు క్లీనర్ యాప్‌లు తీసేశాను. గ్యాలరీలో రెండు వేల ఫొటోలు డిలీట్ చేశాను. అయినా ఖాళీ పెద్దగా పెరగలేదు. ఎందుకు?

రిపేర్_టేబుల్
డిలీట్ చేసినవి బిన్‌లో కూర్చుంటాయి, నెల రోజుల దాకా అక్కడే ఉంటాయి. గ్యాలరీ యాప్‌లో బిన్ తెరిచి ఖాళీ చేయండి. చేసే ముందు కావలసినవి అందులో లేవని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అది ఖాళీ చేశాక తిరిగి రావు.

చందంపేట_అక్క
అందుకే భయంగా ఉంది. మా నాయన పోయి పదకొండు నెలలైంది. ఆయన పీర్ల పండగకి దట్టీ కట్టుకొని అలాయి ఆడిన వీడియో ఒకటి ఇందులోనే ఉంది. ఆయన గొంతు ఉన్నది అదొక్కటే. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పండి, మిగిలినవి ఏం పోయినా ఫర్వాలేదు.

ఎర్రమట్టి_గద్వాల
బిన్ ఖాళీ చేయకు అక్కా, ఆగు. ముందు ఆ వీడియో కాపీ చేయాలి.

రిపేర్_టేబుల్
అవును, ముందు అదే. రెండు చోట్ల పెట్టండి. ఒకటి గూగుల్ డ్రైవ్‌లో, 15 జీబీ ఉచితం, ఒక్క వీడియోకి చాలు. సిగ్నల్ బాగున్న చోట ఎక్కించి, వేరే ఫోన్‌లో తెరిచి, చివరి దాకా ఆడుతుందో చూడండి. రెండోది పెన్‌డ్రైవ్. సీ-టైప్ పిన్ ఉన్నది నేరుగా ఫోన్‌కి గుచ్చి కాపీ చేయొచ్చు. మరీ తక్కువకి దొరికే మెమరీ కార్డులు నమ్మకండి. పైన 128 అని ముద్ర ఉంటుంది, లోపల అంత ఉండదు, నిండాక ఫైళ్లు పాడవుతాయి. ఈ వైపు ఎప్పుడైనా వస్తే షాపుకి రండి, పైసలు తీసుకోకుండా చేసిస్తాను.

పుణెలో_పాలమూరోడు
వాట్సాప్‌లో మాత్రం మామూలుగా పంపి దాచుకోకు అక్కా, సైజు తగ్గించేస్తుంది, బొమ్మ మసకబారుతుంది. డాక్యుమెంట్ లాగా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది.

మూసీ_ఆయకట్టు
అయిందా అక్కా?

చందంపేట_అక్క
అయింది. దేవరకొండ పోయి పెన్‌డ్రైవ్ కొన్నాను. నాయన వీడియో అందులో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి. మా చెల్లె ఫోన్‌లో తెరిచి ఇద్దరం చివరి దాకా చూశాం. ఆ తర్వాతే బిన్ ఖాళీ చేశాను. ఇప్పుడు 8 జీబీ ఖాళీ ఉంది.
ఇయ్యాల పొద్దున ఫొటో కాగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బువ్వ సంచిలో తువ్వాలలో చుట్టి చెట్టు కింద పెట్టాను. కెమెరా అద్దం తుడిచాను, మట్టే ఉంది టీచరమ్మా. రెండో ఫొటో ఒక్కసారికే వచ్చింది. ఊళ్లోకి వచ్చాక అప్‌లోడ్ చేశాను, ఇరవై ఆరు మందికీ హాజరు పడ్డది. ముసలామెకి ఫోన్ చూపించి "పడ్డది అవ్వా" అని చెప్పాను.

డిండి_వాగు
రేపు కూడా రాయి అక్కా, రెండు మూడు రోజులు చూద్దాం.